మైకు ముందు మహారాజకుమారుడు

పోయిన ఏడాది మన కాలేజీ ఆటల పోటీల్లో ఖో-ఖో ఫైనల్ ఎవరు గెలిచారో మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ రోజు మైకులో నేనేం మాట్లాడానో కూడా కొందరికి గుర్తుండి ఉంటుంది. నా బాధంతా దాని గురించే.

సెమీఫైనల్లో నా మోకాలు బెణికింది. ఫైనల్ రోజు కట్టు కట్టుకుని ఒక మూల కూర్చుంటే మేడమ్ వచ్చి, ఆట తెలిసినదానివి కదా, నువ్వే చెప్పమ్మా అని మైకు చేతిలో పెట్టారు. నాకు ఎంత సంబరమంటే నొప్పి కూడా మర్చిపోయాను. ఆట జరిగినంతసేపూ నోరు మూయలేదు. హైస్కూల్లో ఉన్నప్పుడు బీదర్‌లో నేను ఆడిన మ్యాచ్ గురించి చెప్పాను. ఆ మ్యాచ్‌లో ఎట్లా డైవ్ కొట్టానో చెప్పాను. ఇప్పుడు మోకాలు ఎట్లా బెణికిందో రెండుసార్లు చెప్పాను.

ఆ ఫైనల్లో ఫస్టియర్ అమ్మాయి ఒకతె మూడు నిమిషాలకు పైగా ఎవరి చేతికీ దొరక్కుండా పరిగెత్తింది. వాళ్ల అమ్మ ఊరి నుంచి బస్సులో వచ్చి జనం వెనక నిలబడింది. పొట్టి మనిషి, ముందున్నవాళ్ల తలలు తప్ప ఏమీ కనిపించలేదు. ఆమెకు ఆట అంటే స్పీకర్లో వినిపించిందే. అంతా అయిపోయాక బిడ్డను అడిగిందట, నిన్ను ఆడనియ్యలేదా అని.

ఆ అమ్మాయి పేరు నేను ఒక్కసారి కూడా అనలేదు.

ఈసారి గోడపత్రికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని మన డిపార్ట్‌మెంట్ వాళ్లు అడిగినప్పుడు అందరూ కవుల్ని, సంఘసంస్కర్తల్ని తీసేసుకున్నారు. నేను మాత్రం ఒక రేడియో కామెంటేటర్ గురించి రాస్తానన్నాను. ఆయన గొప్ప కామెంటేటర్ అని కాదు. నాకంటే ఎంతో ముందు, నాకంటే ఎంతో పెద్ద మైకు ముందు నేను చేసిన పనే చేశాడని పేరుపడ్డ మనిషి కాబట్టి.

ఆయన పేరు మా తాత నోట విన్నాను. తాత చిన్నప్పుడు భాల్కిలో రేడియో ఉన్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చట. ఒక షావుకారు ఇంటి అరుగు కింద నిలబడి పిల్లలు క్రికెట్ కామెంటరీ వినేవాళ్లట. కామెంటరీ ఇంగ్లీషులో. వీళ్లకు వచ్చింది తెలుగు, కన్నడం, ఉర్దూ, కొంచెం మరాఠీ. అయినా ఫోర్ అంటే నాలుగు, అవుట్ అంటే అవుట్, అంతవరకు తెలిసేది. కామెంటేటర్లలో ఒకాయన మన తెలుగు రాజు అని షావుకారు చెప్పేవాడట. ఆయన మాట్లాడేటప్పుడు స్కోరు తొందరగా రాదని తాత ఇప్పటికీ నవ్వుతాడు. ఆయన పేరు విజ్జీ.

అసలు పేరు పూసపాటి విజయానంద గజపతి రాజు. 1905 డిసెంబర్ 28న పుట్టాడు. ఊరు విజయనగరం. మన కర్ణాటకలో ఉంటున్నాం కాబట్టి విజయనగరం అనగానే హంపీ గుర్తొస్తుంది, అది కాదు. ఇది ఉత్తరాంధ్రలో విశాఖపట్నం దగ్గరి సంస్థానం. తండ్రి విజయరామ గజపతి రాజు. విజ్జీ రెండో కొడుకు. 1922లో తండ్రి పోయాక గద్దె అన్నకు వచ్చింది. రెండోవాడికి మహారాజకుమారుడనే బిరుదు మిగిలింది, కాశీలో ఉన్న కుటుంబ ఆస్తులు మిగిలాయి. విజ్జీ కాశీకి వెళ్లిపోయాడు. అజ్మీర్‌లో రాజకుమారులు చదివే మేయో కాలేజీలో చదువుకున్నాడు. టెన్నిస్ ఆడేవాడు, వేటాడేవాడు, క్రికెట్ అంటే ప్రాణం.

మా ఇంట్లో నేనూ రెండోదాన్నే. పెద్దవాళ్లకు వచ్చేవి వచ్చాక మిగిలినదానితో గుర్తింపు తెచ్చుకోవాలనే ఆత్రం ఎట్లా ఉంటుందో కొంచెం తెలుసు. కాకపోతే మా ఇంట్లో మిగిలేది అక్క పాత పుస్తకాలు. ఆయనకు మిగిలింది ఒక కోట.

1926లో విజ్జీ సొంత జట్టు పెట్టాడు. కాశీలో తన కోట ఆవరణలోనే మైదానం వేయించాడు. దేశంలో ఎక్కడ మంచి ఆటగాడు కనిపించినా పిలిపించేవాడు. ఇండోర్‌లో బడికి పోయే ముస్తాక్ అలీ అనే కుర్రవాడిని తీసుకొచ్చి కాశీలో శిక్షణ ఇప్పించాడు. 1930-31లో ఇంగ్లండ్ జట్టు మన దేశానికి రావాల్సింది, రాజకీయ పరిస్థితుల వల్ల రాలేదు. సరే, నేనే టూర్ పెడతానని విజ్జీ తన జట్టును ఇండియా, సిలోన్ అంతా తిప్పాడు. ఆ జట్టులోకి ఇంగ్లండ్ నుంచి జాక్ హాబ్స్‌నూ, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నూ రప్పించాడు. ఆ కాలంలో ప్రపంచంలో అంతకు మించిన ఓపెనింగ్ జోడీ లేదు. హాబ్స్‌కు అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. ఇండియాకు రమ్మని అంతకుముందు ఎన్నిసార్లు అడిగినా రానివాడు విజ్జీ కోసం వచ్చాడు. కొన్నేళ్ల తర్వాత వెస్టిండీస్ వీరుడు లియరీ కాన్‌స్టాంటైన్ కూడా వచ్చాడు. డబ్బు ఉండటం వేరు, డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియడం వేరు. ఈ విషయంలో విజ్జీని మెచ్చుకోవాలి. రేడియో సరిగా లేని రోజుల్లో హాబ్స్ ఆడటాన్ని మన దేశంలో కొన్ని వేలమంది కళ్లారా చూశారంటే అది ఆయన పుణ్యమే.

చిక్కంతా ఆయన తెప్పించడంతో ఆగకపోవడమే. తనూ ఆడాలి, ఆడితే కెప్టెన్‌గానే ఆడాలి. 1932లో భారత జట్టు మొదటిసారి టెస్ట్ ఆడటానికి ఇంగ్లండ్ వెళ్లేటప్పుడు విజ్జీ ఆ టూర్ కోసం భారీ విరాళం ఇస్తానన్నాడు. ఆయన్ని ఉప నాయకుడికి ఉప నాయకుడిగా వేశారు. చివరికి ఆరోగ్యం బాగాలేదని వెళ్లలేదు. ఆ టూర్‌కు కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు. ఆయన తన ఆట ఎంతో తనకు తెలిసిన మనిషి, లార్డ్స్ టెస్ట్ వచ్చేసరికి పక్కకు తప్పుకుని సి.కె.నాయుడిని ముందుకు పంపాడు. అట్లా మన దేశపు మొట్టమొదటి టెస్ట్ కెప్టెన్ ఒక తెలుగువాడయ్యాడు. నాయుడి కుటుంబం నాగపూర్‌లో స్థిరపడింది, ఆయన ఇండోర్ హోల్కర్ సైన్యంలో పనిచేశాడు. మనలాగే తెలుగు నేలకు బయట ఉన్న తెలుగు ఇల్లన్నమాట.

ఇక 1936. విజ్జీ జీవితం అంటే అందరూ చెప్పేది ఈ ఒక్క ఏడాదే.

ఇంగ్లండ్ టూర్‌కు కెప్టెన్సీ కావాలని విజ్జీ కొన్నేళ్లు కష్టపడ్డాడు. మైదానంలో కాదు, బోర్డు గదుల్లో, వైస్రాయి విందుల్లో. వైస్రాయి విల్లింగ్డన్ పేరు మీద ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా మైదానానికి పెవిలియన్ కట్టడానికి డబ్బిచ్చాడు. కెప్టెన్సీ వచ్చింది. నాయుడు ఆయన కింద మామూలు ఆటగాడిగా ఓడ ఎక్కాడు. ఒక తెలుగువాడు నిజంగా నాయకుడు, ఇంకో తెలుగువాడు పేరుకు నాయకుడు. జట్టు రెండు ముక్కలయింది.

లాలా అమర్‌నాథ్ సంగతి మీలో క్రికెట్ చూసేవాళ్లు విని ఉంటారు. 1933లో బొంబాయిలో మన దేశం తరఫున మొట్టమొదటి టెస్ట్ సెంచరీ కొట్టినవాడు. ఈ టూర్‌లో కూడా ఎసెక్స్ మీద రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు చేశాడు. మైనర్ కౌంటీస్‌తో ఆటలో అతన్ని ప్యాడ్లు కట్టుకుని కూర్చోమన్నారు. వికెట్లు పడుతున్నాయి, ఒకరి తర్వాత ఒకర్ని పంపుతున్నారు, అతన్ని మాత్రం కూర్చోబెట్టారు. ఆట ముగిసే వేళకు కొద్ది నిమిషాల కోసం పంపారు. తిరిగొచ్చి ప్యాడ్లు విసిరికొట్టి పంజాబీలో ఏదో అన్నాడు. అంతే. మొదటి టెస్ట్ కూడా మొదలుకాక ముందే, కెప్టెన్ విజ్జీ, మేనేజర్ మేజర్ బ్రిటన్ జోన్స్ కలిసి అతన్ని ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. జట్టులో అందరికంటే బాగా ఆడుతున్నవాడిని!

ఆ టూర్ మీద ఇంకా ఎన్నో కథలున్నాయి. పొద్దున టిఫిన్ బల్ల దగ్గర నాయుడిని అవమానించినందుకు ఒకతనికి టెస్ట్ ఆడే అవకాశం దొరికిందని ఒక కథ. సులువైన బంతులు వేయమని అవతలి కెప్టెన్‌కు బంగారు గడియారం బహుమతి ఇచ్చాడని ఇంకో కథ. ఓడిపోయినవాళ్ల మీద కథలు తొందరగా పుడతాయి, అన్నీ నమ్మక్కర్లేదు. కానీ మాంచెస్టర్ కథ ఒకటి నాకు వదలబుద్ధి కాదు. రెండో టెస్ట్‌లో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ ఓపెనింగ్‌కు దిగి 203 పరుగులు కలిపారు. మర్చంట్ 114, ముస్తాక్ 112. ఆ ముస్తాక్ ఎవరు, ఒకప్పుడు విజ్జీ కాశీకి తీసుకొచ్చి ఆట నేర్పించిన కుర్రవాడే. ఆ ఇన్నింగ్స్‌కు ముందు, మర్చంట్‌ను రనౌట్ చేయించమని కెప్టెన్ ముస్తాక్‌కు చెప్పాడని, ముస్తాక్ క్రీజు దగ్గరకు వెళ్లి ఆ మాట మర్చంట్‌కే చెప్పేశాడని, ఇద్దరూ నవ్వుకుని ఆట మొదలుపెట్టారని అంటారు.

మూడు టెస్టుల్లో రెండు ఓడిపోయాం, మాంచెస్టర్‌ది డ్రా. కెప్టెన్ విజ్జీ ఆరు ఇన్నింగ్స్ ఆడి మొత్తం 33 పరుగులు చేశాడు, ఎక్కువలో ఎక్కువ 19 నాటౌట్. సగటు 8.25. ఆ టూర్ మధ్యలోనే రాజు ఆయనకు సర్ బిరుదు ఇచ్చాడు. తిరిగొచ్చాక విచారణ జరిగింది. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ నాయకత్వంలోని కమిటీ 1937 జనవరిలో ఇచ్చిన నివేదిక విజ్జీ కెప్టెన్సీని తప్పుపట్టింది, అమర్‌నాథ్‌కు మద్దతుగా మాట్లాడింది. విజ్జీ మళ్లీ టెస్ట్ ఆడలేదు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఒక్క ఏళ్లు.

ఇక్కడితో ముగిస్తే విజ్జీ ఒక హాస్యపాత్ర. చాలామంది అట్లానే ముగిస్తారు. నాకు మాత్రం తర్వాతి ఇరవై తొమ్మిదేళ్లే ముఖ్యం. ఆట పోయాక మనిషి నోరు ఏం చేస్తుంది?

మన దేశంలో రేడియోలో క్రికెట్ కామెంటరీ 1934లో బొంబాయిలో మొదలైంది. ఎస్ప్లనేడ్ మైదానంలో పార్సీలకు, ముస్లింలకు మధ్య జరిగిన ఆటకు బాబీ తల్యార్‌ఖాన్ అనే ఆయన చెప్పాడు. ఆయన మైకు ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. భోజనానికి, టీకి ఆపితే ఆపాలి, లేకపోతే రోజంతా ఒక్కడే. 1948-49లో వెస్టిండీస్ వచ్చినప్పుడు ముగ్గురు కలిసి చెప్పాలని రేడియోవాళ్లు అంటే ఆయన మానేశాడు. అట్లా ఖాళీ అయిన చోటుకు కొత్త గొంతులు వచ్చాయి. బెరీ సర్వాధికారి, దేవరాజ్ పురి, పియర్సన్ సురిటా. ఆ వరుసలోనే విజ్జీ కూడా ఆకాశవాణి మైకు ముందు కూర్చున్నాడు.

వాళ్లలో ఆయనకున్న అర్హత చిన్నది కాదు. భారత కెప్టెన్‌గా ఇంగ్లండ్ మైదానాల్లో టాస్ వేసిన మనిషి. హాబ్స్‌తో కలిసి ఆడినవాడు, నాయుడి ఆటను దగ్గర నుంచి చూసినవాడు, కాన్‌స్టాంటైన్‌కు తన ఇంట్లో ఆతిథ్యం ఇవ్వగలిగినవాడు. ఇంగ్లీషు తెల్లవాళ్లంత సులువుగా మాట్లాడేవాడు. ఈ రోజుల్లో టీవీలో కామెంటరీ చెప్పేవాళ్లలో ఎక్కువమంది మాజీ ఆటగాళ్లే కాబట్టి మనకు వింత అనిపించదు. అప్పట్లో టెస్ట్ కెప్టెన్ వచ్చి మైకు పట్టుకోవడం మన దగ్గర కొత్త.

కానీ రేడియోకు ఒక గుణముంది. అది విజ్జీకి అంతవరకు పరిచయం లేనిది. కెప్టెన్సీకి బోర్డు ఉంది, బోర్డులో ఓట్లున్నాయి, ఓట్లకు విందులున్నాయి. రేడియోలో ఇవేవీ లేవు. ఎక్కడో భాల్కిలో అరుగు కింద నిలబడ్డ పిల్లవాడికి కోట కనిపించదు, పెవిలియన్ కనిపించదు, సర్ బిరుదు కనిపించదు. వాడికి కావాల్సింది మూడే. బంతి ఎవరు వేశారు, ఎటు పోయింది, ఎన్ని పరుగులు. అది చెప్పినవాడే వాడికి మహారాజు.

విజ్జీ అది చెప్పేవాడు, కాకపోతే నిదానంగా, మధ్యలో తన కథలతో. ఫలానా రోజు ఫలానా ఆటగాడు నాతో ఇట్లా అన్నాడు, ఫలానా చోట నేను ఇట్లా ఆడాను. కొందరికి ఆ కథలంటే ఇష్టం, పాత క్రికెట్ చరిత్రంతా ఆయన నోట్లో ఉండేది. కొందరికి ప్రాణం మీదికి వచ్చేది. ఆయన మీద క్రికెట్ లోకంలో ఒక జోకు తిరుగుతూనే ఉంది. వెస్టిండీస్ బ్యాట్స్‌మన్ రోహన్ కన్హాయ్‌కి విజ్జీ ఒకసారి తన పులివేటల గురించి చెప్తున్నాడట, వందలకొద్దీ పులులను ఎట్లా చంపాడో. కన్హాయ్ అంతా విని, తుపాకీ ఎందుకు, అడవిలో ట్రాన్సిస్టర్ పెట్టి మీ కామెంటరీ వినిపించి ఉంటారనుకున్నాను, పులులు విసుగెత్తి చచ్చిపోయి ఉంటాయి అన్నాడట. జరిగిందో లేదో గాని, ఈ జోకు విన్నప్పుడు తాత పడిపడి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. నాకు స్పీకరూ, బీదర్ మ్యాచూ, నేను కొట్టిన డైవూ గుర్తొచ్చాయి.

ఆలోచిస్తే, ఆయన ఎందుకు అట్లా మాట్లాడాడో కొంచెం అర్థమవుతుంది. మైదానంలో తను అనుకున్నంత ఆడలేకపోయాడు. 33 పరుగులు ఎవరూ చెరపలేరు. మైకు దొరికితే ఆ 33 పక్కన ఏదైనా చేర్చొచ్చని మనసుకు అనిపిస్తుంది. ఆడలేకపోయిన ఫైనల్‌ను మైకులో ఆడేద్దామని నాకు అనిపించినట్టే. మైకు చేతికి వచ్చేసరికి కళ్ల ముందు పరిగెత్తుతున్న మనిషి కంటే లోపల పరిగెత్తుతున్న మనిషే ఎక్కువ కనిపిస్తాడు.

1959లో భారత జట్టు ఇంగ్లండ్ వెళ్లినప్పుడు బీబీసీ విజ్జీని అతిథి వ్యాఖ్యాతగా పిలిచింది. ఇరవై మూడేళ్ల తర్వాత అవే మైదానాలు. ఈసారి ప్యాడ్లు లేవు, మైకు ఉంది. పాపం ఆ సిరీస్ మనకు 1936 కంటే ఘోరం, అయిదు టెస్టులకు అయిదూ ఓడిపోయాం. మన గొంతు ఒకటి బీబీసీలో వినిపిస్తున్నదంటే అది ఓటమిని చెప్పే గొంతే. ఒక్క మాంచెస్టర్‌లో మాత్రం వెలుగు వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న మన హైదరాబాద్ కుర్రవాడు అబ్బాస్ అలీ బేగ్‌ను మధ్యలో జట్టులోకి పిలిచారు. మొదటి టెస్ట్‌లోనే 112 కొట్టాడు. ముస్తాక్ కొట్టిన ఊళ్లోనే, ముస్తాక్ కొట్టినన్ని పరుగులే. 1936లో పెవిలియన్‌లో కెప్టెన్‌గా కూర్చున్న మనిషికి ఆ అంకె వినగానే లోపల ఏమనిపించి ఉంటుందో!

రేడియో గురించి చెప్తూ ఆయన చేసిన మిగతా పనులు వదిలేస్తే అన్యాయం. స్వాతంత్ర్యం వచ్చే వేళ 1947లో ఆ సర్ బిరుదును వదులుకున్నాడు. తర్వాత క్రికెట్ బోర్డులో పెద్ద మనిషయ్యాడు. 1952లో పాకిస్తాన్ మొదటిసారి మన దేశానికి టెస్టులు ఆడటానికి వచ్చినప్పుడు భారత కెప్టెన్ ఎవరో తెలుసా, లాలా అమర్‌నాథ్. 1936లో ఓడ ఎక్కించి పంపిన ఆ అమర్‌నాథే. అతన్ని మళ్లీ కెప్టెన్‌ని చేయడానికి బోర్డులో గట్టిగా పట్టుబట్టినవాళ్లలో విజ్జీ ఒకడు. మనం ఆ సిరీస్ 2-1తో గెలిచాం. పాత గొడవను ఇద్దరూ ఎట్లా మింగారో గాని, ఇది చిన్న విషయం కాదు. పదహారేళ్ల కింద చేసిన తప్పును సరిదిద్దుకునే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది, దొరికినా ఎంతమంది వాడుకుంటారు?

నాయుడి విషయంలోనూ అంతే. 1956-57లో, అరవై దాటిన నాయుడిని ఉత్తరప్రదేశ్ రంజీ జట్టుకు రప్పించింది విజ్జీయే. తను పక్కన పెట్టిన ఇద్దరినీ తనే పిలిచాడు. కామెంటరీలో ఎంత సేపు తన గురించి మాట్లాడాడో నాకు తెలియదు గాని, ఈ రెండు పనుల్లో మాత్రం ఆయన తన గురించి కాకుండా ఎదుటివాళ్ల గురించి ఆలోచించాడు.

1954 నుంచి కొన్నాళ్లు బోర్డు అధ్యక్షుడు. 1955 నవంబర్‌లో హైదరాబాద్ ఫతే మైదానంలో మొదటిసారి టెస్ట్ మ్యాచ్ జరిగింది ఆయన హయాంలోనే. న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రీగర్ 223 కొట్టాడు, భారతీయుడు టెస్టుల్లో చేసిన మొదటి డబుల్ సెంచరీ అది. కెప్టెన్ హైదరాబాద్ వాడే, గులాం అహ్మద్. అప్పటికి మన బీదర్ జిల్లా ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. ఏడాది తిరక్కుండా, 1956 నవంబర్ 1న మనం మైసూరు రాష్ట్రంలోకి వచ్చాం. కాబట్టి ఆ 223 మన రాజధానిలో కొట్టిన 223 అని తాత వాదన. నేను కాదనను.

1958లో పద్మభూషణ్ వచ్చింది. 1960లోనూ, 1962లోనూ విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1965 డిసెంబర్ 2న కాశీలో పోయాడు. ఇంకో ఇరవై ఆరు రోజులుంటే అరవై నిండేవి. విజయనగరంలో విజ్జీ స్టేడియం ఉంది. యూనివర్సిటీ విద్యార్థుల జట్లు ఆడే విజ్జీ ట్రోఫీ ఆయన పోయిన మరుసటి ఏడాది మొదలైంది.

విజ్జీ కథ వెతుకుతుంటే ఇంకో పేరు దొరికింది. ఇది మన కాలేజీలో ఎవరికీ తెలియకపోవడం నాకు ఆశ్చర్యం. చంద్రా నాయుడు. సి.కె.నాయుడి కూతురు. ఇండోర్‌లో ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన అధ్యాపకురాలు. మన దేశంలో క్రికెట్ కామెంటరీ చెప్పిన మొదటి మహిళ ఆవిడే. 1970ల చివర్లో ఇండోర్‌లో మైకు ముందు కూర్చుంది. తర్వాత తండ్రి గురించి ఒక పుస్తకం రాసింది. 2021 ఏప్రిల్‌లో పోయింది. మహారాజకుమారుడు పక్కన పెట్టిన ఆటగాడి బిడ్డ, ఏ ఓట్లూ విందులూ లేకుండా, మాలాంటి పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ మైకు దాకా వచ్చింది. టీచర్ కాబట్టి, వెనక బెంచీవాళ్లకు వినపడిందో లేదో చూసుకునే అలవాటు ఆవిడకు ఉండే ఉంటుందని నా నమ్మకం. మన డిపార్ట్‌మెంట్ మేడమ్‌లకు ఉంది కదా.

విజ్జీని నేను తప్పుపట్టి రాశానని మీకు అనిపిస్తే, కాదు. చిన్నప్పుడు కోటలో తన కోసం మైదానం వేయించుకున్న మనిషి, చివరికి ఎవరో ముక్కూముఖం తెలియని పిల్లలకు ఆట చెప్పే చోటికి వచ్చాడు. అక్కడికి వచ్చాక తడబడ్డాడు. వచ్చినందుకు ఆయనంటే నాకు ఇష్టం.

ఈ ఏడాది కూడా నా మోకాలు పూర్తిగా తగ్గలేదు. మైకు మళ్లీ నాకే ఇస్తామన్నారు. వద్దని చెప్పబోయి ఆగాను. రెండు జట్లలోని అమ్మాయిల పేర్లు, చొక్కా నంబర్లు ఒక కాగితం మీద రాసుకున్నాను. పోయినసారి మూడు నిమిషాలు నిలిచిన అమ్మాయి ఇప్పుడు సెకండియర్. మొన్న హాస్టల్ మెట్ల మీద కలిస్తే, ఆమె పేరును ఇంట్లో ఎట్లా పిలుస్తారో అడిగి తెలుసుకున్నాను. రిజిస్టర్‌లో ఉన్న పేరు వేరు, వాళ్లమ్మ పిలిచే పేరు వేరు. రెండూ రాసుకున్నాను. ఫైనల్ శుక్రవారం మూడు గంటలకు. వాళ్లమ్మ మధ్యాహ్నం బస్సుకు వస్తున్నదట.